పింగాణి పాత్రలు - చీనా గృహవాస్తు

ఇంటిలో ఏ వస్తువు ఎచ్చట నుండవలయునో నిర్ణయించునది సాధారణముగా ఇల్లాలు. నీళ్ల బిందె ఏ మూలను, దీపపు సెమ్మె ఏ దిక్కున, ధాన్యపు గాదె ఏ గదిలో అను విషయములయందు మన పెద్దలు వాస్తువును, ఆచారమును, సౌకర్యమును కలిపి చూచుచు వచ్చిరి. చీనా దేశమునందును ఇట్టి శాస్త్ర మొకటి పూర్వకాలమునుండి కలదు. దానిని ఫెంగ్ షుయి అందురు. ఈ పేరు ఇప్పుడు మన పట్టణములలోను వినబడుచున్నది. బొజ్జతో నవ్వుచున్న విగ్రహములను, మూడు కాళ్ల కప్పలను, పింగాణి పూలకూజాలను ఈ పేరు చెప్పి అమ్ముచున్నారు. ఈ మూల నుంచినచో ధనము వచ్చుననియు, ఆ మూల నుంచినచో కీడు కలుగుననియు, ఆశను భయమును జోడించి చెప్పువారును కలరు. బీటవారిన పాత పింగాణి ఇంట నుండరాదని విని, అమ్మమ్మ నాటి జాడీని వీధిలో పెట్టింప దలచు ఇల్లాండ్రును ఉందురు. కావున చీనావారు తమ పాత పింగాణి వస్తువులను ఇంట నెట్లుంచుకొనిరో, ఎందుల కట్లుంచిరో తెలిసికొనుట మన సోదరీమణులకు ఉపయోగకరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గాలియు నీరును

ఫెంగ్ అనగా గాలి. షుయి అనగా నీరు. భూమిలో 'చీ' అను ప్రాణశక్తి ప్రవహించుననియు, అది గాలికి చెదరిపోవుననియు, నీటి చెంత నిలుచుననియు చీనావారి నమ్మకము. ఈ సంగతి చెప్పు ప్రాచీన గ్రంథమునకు 'జాంగ్ షు' అని పేరు. గువో పు అను పండితుడు (276-324) దానిని రచించెనని సంప్రదాయము. అది ఇండ్లను గూర్చిన గ్రంథము కాదు. సమాధులకు తగిన చోటు నెన్నుకొనుటను గూర్చినది. పితరులు సుఖముగా నున్న వంశము వర్ధిల్లునన్న నమ్మకముతో మొదలైన శాస్త్రము క్రమముగా ఇండ్లకును, గ్రామములకును, నగరములకును విస్తరించెను.

ఇందు ముఖ్యమైన శాఖలు రెండు. జియాంగ్‌శీ రాష్ట్రపు శాఖ కొండల వాలును, నదుల వంపును చూచును. ఫూజియన్ రాష్ట్రపు శాఖ దిక్సూచిని పట్టుకొని లెక్కలు కట్టును. ఇంటికి వెనుక ఉత్తరమున కొండయు, ముందు దక్షిణమున తెరపియు, ఎదుట నీరును ఉండుట ఉత్తమమని చెప్పుదురు. చీనాలో శీతాకాలపు చలిగాలి ఉత్తరమునుండి వీచును. ఎండ దక్షిణమునుండి వచ్చును. ఈ నియమమునకు మూల మేదో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

చీనావారి పంచతత్త్వములు మన పంచభూతములవంటివి కావు. వారికి కఱ్ఱ, అగ్ని, మన్ను, లోహము, నీరు అనునవి అయిదు. కఱ్ఱకు తూర్పు, అగ్నికి దక్షిణము, లోహమునకు పడమర, నీటికి ఉత్తరము, మన్నునకు నడుమ స్థానములు. కఱ్ఱ అగ్నిని పుట్టించును. అగ్ని బూడిదయై మన్నగును. మన్నులో లోహము పుట్టును. లోహమునుండి నీరు, నీటివలన కఱ్ఱ. ఇది పుట్టుకల వరుస. వైరముల వరుస వేఱు. కఱ్ఱ మన్నును చీల్చును; మన్ను నీటికి అడ్డుకట్ట వేయును; నీరు అగ్నిని ఆర్పును; అగ్ని లోహమును కరగించును; లోహము కఱ్ఱను నరుకును.

పింగాణి మన్నుతో చేసినది. కావున నేటి ఫెంగ్ షుయి చెప్పువారు దానిని మన్ను తత్త్వములో చేర్చుదురు. అష్టదిక్కుల లెక్కలో నైరృతియు ఈశాన్యమును మన్నునకు చెందినవి. నైరృతి తల్లికి స్థానము. అందుచేత పింగాణి పాత్రలను ఇంటి నడుమగాని, ఈ రెండు మూలలగాని ఉంచుమందురు. తూర్పున ఉంచినచో కఱ్ఱ మన్నును చీల్చును గనుక మంచిది కాదందురు. ఈ చివరిమాటను పాఠకురాండ్రు జ్ఞప్తియం దుంచుకొందురుగాక. దీనితో మఱల మాకు పని కలదు.

పింగాణి పుట్టిన ఊరు

జియాంగ్‌శీ రాష్ట్రములోని జింగ్‌డెజెన్ పట్టణము పింగాణికి పుట్టిల్లు వంటిది. ఆ సమీపమున గావోలింగ్ అను కొండ కలదు. అచ్చటి తెల్లని మన్నునకు ఆ కొండపేరే వచ్చి, నేడు లోకమంతయు దానిని కేయొలిన్ అనుచున్నది. ఈ మన్నును ఒకజాతి రాతిపొడితో కలిపి, పాత్రలు చేసి, పైని నిగనిగ నిచ్చు పూత పూసి, దేవదారు జాతి కట్టెలతో సుమారు 1300 డిగ్రీల వేడిమిలో కాల్చుదురు. ఆ వేడికి మన్ను గాజువలె గట్టిపడి, తట్టినచో గంటవలె మ్రోగును. నీలిరంగు చిత్రములకు వాడిన కోబాల్టు తొలుత పారసీక దేశమునుండి వచ్చెడిది. ఫ్రాన్సు దేశపు మతగురువు దాంత్రకోల్ 1712 లోను 1722 లోను వ్రాసిన జాబులవలన ఈ పనితనపు రహస్యములు ఐరోపావారికి తెలిసినవి.

మన్ను, నీరు, కట్టెలు, అగ్ని, రంగునిచ్చు లోహము, ఈ అయిదును కూడిననేగాని రంగుచిత్రముల పింగాణి పుట్టదు. ఇట్టి వస్తువును ఒక్క మన్ను తత్త్వమునకే కట్టివేయుట కొంత తొందరపాటని మాకు తోచును.

హుయిజౌ ఇంటి చావడి

ఇక పాత పింగాణిని నిజముగా ఉంచుకొన్న ఒక ఇంటిలోనికి పోవుదము. చీనాకు దక్షిణభాగమున, అన్‌హుయి రాష్ట్రములో, హుయిజౌ అను కొండసీమ కలదు. పంటభూమి తక్కువ. ఆ కారణమున అచ్చటి మగపిల్లలు పదమూడు పదునాలుగేండ్లకే ఇల్లు విడిచి దూరదేశములకు వ్యాపారమునకు పోయెడివారు. మింగ్, చింగ్ వంశముల కాలమున ఉప్పు, తేయాకు, కలప, కుదువ వ్యాపారములలో హుయిజౌ వర్తకులకు గొప్ప పేరుండెను. వివాహమై కొలదికాలమునకే భర్త వెడలిపోవుటయు, ఏండ్లకు గాని మఱల రాకుండుటయు అచ్చటి స్త్రీలకు సామాన్యముగా నుండెను. అత్తమామల సేవ, బిడ్డల చదువు, పొలము, పద్దు, అన్నియు ఆమెపైననే పడెను.

ఆ సీమలోని శీదీ, హోంగ్‌ట్సున్ గ్రామములు 2000 సంవత్సరమున ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తింపబడినవి. తెల్లని గోడలు, నల్లని పెంకులు, ఇంటి నడుమ ఆకాశమునకు తెఱచిన చిన్న ముంగిలి. ఇవి వాని లక్షణములు. నాలుగు వైపుల కప్పులనుండి వాననీరు ఆ ముంగిటిలోనికే కారును. నీరు సంపదకు గుర్తు గనుక అది ఇంటిలోనికే రావలెనని వారి తలంపు. ఇట్టి యిల్లు మన మండువా లోగిలిని తలపునకు తెచ్చును. హోంగ్‌ట్సున్ గ్రామములో కాలువనీరు ఇండ్ల వాకిళ్ల ముందుగా పాఱి, నడుమ అర్ధచంద్రాకారపు చెఱువులో చేరును. 1403 మొదలు 1424 వఱకు జరిగిన యోంగ్‌లె చక్రవర్తి కాలమున ఈ చెఱువును త్రవ్వించినది, గ్రామపెద్ద ఊరలేనప్పుడు పని నడిపిన అతని భార్య హు చోంగ్ అని అచ్చటి చరిత్ర చెప్పును. వంశపూజామందిరములో ఆమె చిత్రము నేటికిని ఉన్నది. పురుషుల పేళ్లే నిలుచు అట్టి మందిరములలో ఇది అరుదైన గౌరవము.

ఇట్టి యింటి చావడిలో, ముఖద్వారమున కెదురుగా గోడను ఆనుకొని పొడవైన బల్ల యొకటి యుండును. దానిపై నడుమ గంటలుకొట్టు గడియారము, తూర్పున పింగాణి పూలకూజా, పడమట అద్దము ఉంచుదురు. ఇది తరతరములుగా వచ్చిన అమరిక. చీనాభాషలో పూలకూజాను పింగ్ అందురు. శాంతి అను మాటయు పింగ్ అనియే పలుకును. అద్దము జింగ్, నిమ్మళము అను మాటయు జింగ్. గడియారపు మ్రోత జోంగ్ షెంగ్. జీవితాంతము అను మాటయు జోంగ్ షెంగ్. మూడు వస్తువులను వరుసగా చదివినచో, "జీవితాంతము శాంతి, నిమ్మళము" అని అర్థము వచ్చును. దూరమేగిన భర్తకు దారిలో ఆపద రాకుండునుగాక, ఇంటనున్న మనస్సు కుదుటపడుగాక అని ఆ బల్ల చెప్పుచున్నది. అక్షరములు నేర్వని ఇల్లాలును ఆ వాక్యమును ప్రతిదినము దుమ్ము తుడుచుచు చదివెడిది.

అదే బల్లపై టోపీ లుంచు పింగాణి గొట్టములు రెండుండును. ఇంటి యజమాని టోపీ దానిపై నున్నచో ఆయన ఇంట నున్నాడనియు, లేనిచో పరపురుషులు లోపలికి రారాదనియు తెలియునని అచ్చటివారు చెప్పుదురు. చావడిలో సగము గుండ్రముగా నుండు బల్లలు రెండు వేర్వేఱుగా గోడల కానియుండును. భర్త తిరిగి వచ్చినప్పుడు రెంటిని కలిపి నిండు బల్లగా చేయుదురట. ఇంటి సామగ్రియే ఇల్లాలి స్థితిని వీధికి తెలియజెప్పెడిదన్న మాట. ఇది గౌరవమో, కట్టుబాటో పాఠకురాండ్రే నిర్ణయింతురుగాక. ఆ సీమలోనే టాంగ్‌యుయె గ్రామములో ఏడు రాతి తోరణములు కలవు. వానిలో రెండు, భర్త పోయిన పిమ్మట మఱల పెండ్లాడక కుటుంబమును నిలిపిన స్త్రీల పేరిట కట్టినవి. పూలకూజా తూర్పున నున్నను తిరిగిరాని భర్తలు ఉండిరని ఆ రాళ్లు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ యిండ్లను కాపాడినది పింగాణి కాదు. ఆ స్త్రీల ఓర్పు, పొదుపు, తెలివి.

దిక్కా, మాటా?

తూర్పు కఱ్ఱకు స్థానమనియు, అందు మన్నుపాత్ర ఉంచరాదనియు ముందు చెప్పితిమి. కాని హుయిజౌలో కూజాను తూర్పుననే ఉంచిరి. తత్త్వముల లెక్క నిజముగా అంత దాట రానిదియే అయినచో, ఫెంగ్ షుయిని నమ్మి గ్రామమునకు గ్రామమునే నిర్మించుకొన్న ఆ ప్రజలు ప్రతి చావడిలోను దానిని మీఱుదురా? దీనివలన తెలియున దేమనగా, చీనా గృహములలో అలంకారవస్తువుల స్థానమును నిర్ణయించినది ఒక్క దిక్సూచి మాత్రమే కాదు. భాషయు, మర్యాదయు, ఇంటివారి కోరికయును దానితో కలిసినవి.

ఈ భాషకు ఉదాహరణములు ఎన్నియో కలవు. నాలుగు ఋతువుల పూలను చిత్రించిన కూజా ఏడాది పొడుగునను శాంతిని కోరును. ఏనుగు వీపున కూజా యున్న బొమ్మ లోకశాంతికి గుర్తు. గబ్బిలమును మనము అశుభమందుము. చీనావారికి దాని పేరు 'ఫు', భాగ్యమును 'ఫు' యే, కావున పాత్రలపై గబ్బిలములను ఆనందముతో చిత్రింతురు. చేప 'యు', మిగులును 'యు'. అందుచే చేపల పళ్లెము ధాన్యము మిగిలిన ఇంటికి గుర్తు. బల్లపై శుభమిచ్చు గడియారమునే ఇంకొకరికి కానుకగా ఇచ్చినచో మహా అపచారము. ఏలయన 'గడియారమిచ్చుట' అను మాట 'అంత్యకాలమున సాగనంపుట' అను మాటవలె వినబడును. వస్తువు ఒక్కటే, మాట మాఱగానే ఫలము మాఱినది. చీనాభాష రాని ఇంటిలో ఈ శ్లేషలు మూగవోవును. మన చావడిలో కూజాను తూర్పున పెట్టినను పడమట పెట్టినను, 'కూజా' అను మాటలో శాంతి వినబడదు గదా!

భాషతో పనిలేక మర్యాదతో కూడినవియు కొన్ని కలవు. ఫూజియన్ రాష్ట్రములోని డెహువాలో చేసిన తెల్లని గువాన్‌యిన్ దేవి విగ్రహములు మిగుల ప్రసిద్ధములు. మింగ్ వంశపు చివరికాలమున హె చావోజోంగ్ అను శిల్పి చేసినవి నేడు పెద్ద మ్యూజియములలో నున్నవి. ఈ దేవిని నేలపైగాని, పడకగదిలోగాని ఉంచరు. ఎత్తున, శుభ్రమైన చోట ఉంచుదురు. సింహముల జంట ద్వారమువద్ద బయటికి చూచుచుండును. బంతిపై కాలుంచినది మగది, పిల్లను పట్టినది ఆడుది. ఈ నియమములను మన ఇల్లాండ్రకు ఎవరును విడమరచి చెప్పనక్కఱ లేదు.

ఇంట ఉంచని పింగాణి

పాతవస్తు వైనంతమాత్రమున చీనావారు దానిని ఇంట పెట్టుకొనలేదు. టాంగ్ వంశపు కాలమున (618-907) ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులు పాఱునట్లు పూతపూసి మట్టి గుఱ్ఱములను, ఒంటెలను, పరిచారికలను చేసి, చచ్చినవారితో పూడ్చిపెట్టెడివారు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున లోయాంగ్ ప్రాంతమున రైలుదారి త్రవ్వునప్పుడు ఇవి విరివిగా బయటపడెను. సమాధిలోని వస్తువు ఇంటికి రారాదని చీనావారు మొదట వీనిని ముట్టరైరి. విదేశీయులు కొనిపోయి మ్యూజియములను నింపుకొనిరి. నేడు ఆ గుఱ్ఱములకు నకళ్లు చేసి, ఇంట నుంచిన జయము కలుగునని చెప్పి అమ్ముచున్నారు. ఒక కాలమున గడప దాటనీయని వస్తువే మఱియొక కాలమున శుభవస్తువయ్యెను!

పగిలిన పాత్ర

పగిలిన పింగాణి కీడని ఫెంగ్ షుయి చెప్పువారి మాట. కాని చీనా గృహిణి నూతన సంవత్సరమునాడు పళ్లెము చేయిజాఱి పగిలినచో భయపడి కూర్చుండదు. వెంటనే "స్వే స్వే పింగ్ ఆన్" అనును. స్వే అనగా పగులుట; స్వే అనగా సంవత్సరమును. "ఏటేట శాంతి" అని అర్థము వచ్చును. పిల్లవాడు ఏడ్వడు; పండుగ చెడదు. ఇంతకంటె తెలివైన శాంతిప్రక్రియ మఱి యేమి కలదు?

పగిలిన పాత్రను వారు పారవేయలేదు కూడ. వజ్రపుమొన గల బరమాతో బీటకు ఇరువైపుల సన్నని గుంటలు తొలిచి, లోహపు కొక్కెములతో కుట్టు పనివారు ఊరూర తిరిగెడివారు. వజ్రపు బరమా లేనివాడు పింగాణిపని ఒప్పుకొనరాదను సామెత ఆ వృత్తినుండియే పుట్టినది. అట్లు కుట్టిన పాత్రలలో నీరైనను కాఱదు.

పింగాణి ఇంటిని కాపాడునా అను ప్రశ్నకు చరిత్రయే ఉత్తరమిచ్చుచున్నది. 1351 లో జాంగ్ వెన్‌జిన్ అను భక్తుడు తన కుటుంబక్షేమము కోరి జియాంగ్‌శీలోని ఒక దేవాలయమునకు నీలిచిత్రముల పింగాణి కూజాల జంటను, ధూపపాత్రతో కూడ సమర్పించెను. ఆ సంగతి కూజాల మెడపైననే వ్రాసియున్నది. ఆ యేడే దేశమున ఎఱ్ఱ తలపాగల తిరుగుబాటు చెలరేగెను. 1368 లో రాజవంశమే కూలెను. ధూపపాత్ర జాడ లేదు. కూజాలు మాత్రము మిగిలినవి. బొంబాయిలో జన్మించిన సర్ పెర్సివల్ డేవిడ్ వానిని సేకరించుటచే ఆయన పేరనే ప్రసిద్ధికెక్కి, నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. 1966 లో సాంస్కృతిక విప్లవము ప్రారంభమైనప్పుడు పాత భావములు, పాత సంస్కృతి, పాత ఆచారములు, పాత అలవాటులు తొలగింపవలెనని యువకులు ఇండ్లలో చొరబడి పురాతన వస్తువులను పగులగొట్టిరి. భయముచేత తమ పాత్రలను తామే పగులగొట్టుకొన్న కుటుంబములును, మంటిలో పాతిపెట్టి దాచుకొన్న కుటుంబములును కలవు. శాంతికి గుర్తయిన కూజా తన్ను తానే కాపాడుకొనలేకపోయెను. మనుష్యులు దాచినదే బ్రతికినది.

మన ఇండ్లకు తగిన మాట

చీనా పింగాణి మనకు క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 లో అభయశాసనము వేయించిన మోటుపల్లి రేవులో చీనా పింగాణి పెంకులు దొరకినవి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో చీనా పాత్రలను మన సోదరీమణులు కన్నులార చూడవచ్చును. ఇంట పాత పింగాణి యున్నవారు ఈ క్రింది సంగతులు గమనింతురుగాక.

పొడవైన కూజాను నడకదారిలోను, తలుపు తెఱచిన తగులుచోటను ఉంచరాదు. బల్ల అంచునుండి చేరెడు లోపలికి జరుపవలెను. తేలికగా నున్నచో గుడ్డసంచిలో పొడి ఇసుక పోసి అడుగున ఉంచిన పడిపోదు. ఎత్తునప్పుడు పిడినిగాని అంచునుగాని పట్టక, ఒక చేయి అడుగునను ఒక చేయి ప్రక్కను ఉంచి ఎత్తవలెను. అతికిన పాత్రను వేడినీటిలో ముంచరాదు. పాతకాలపు రంగుపూతలలో సీసము ఉండవచ్చును; పులుపు దానిని కరగించును. కావున అలంకారమునకైన పాత్రలో ఊరగాయగాని, చారుగాని పోయరాదు. అడుగున పూర్వపు చక్రవర్తి ముద్ర యున్నంతమాత్రమున పాతదని నమ్మి ధనమీయరాదు. పూర్వమే చీనా కుమ్మరులు తమకంటె పాత రాజుల ముద్రలను గౌరవార్థము వేసెడివారు. నేటివారు లాభార్థము వేయుచున్నారు.

దిక్కుల విషయమున మా యభిప్రాయ మిది. వెలుతురు తగులుచోట, నిలుకడగల పీటపై, ఇంటివారందఱును చూచి సంతోషించునట్లు ఉంచినదే పాత్రకు మంచి స్థానము. చీనా ఇల్లాలు బల్లపై కూజాతో తన మనసులోని కోరికను వ్రాసికొనెను. మన ఇల్లాలును తన తల్లి ఇచ్చిన జాడీని చూచినప్పుడెల్ల తల్లిని తలచుకొనును. అదియు ఒక వ్రాతయే. దానిపై బీటయున్నదని ఎవరో చెప్పిన భయమునకు దానిని పారవేయుట, ఇంటిలోని జ్ఞాపకమును పారవేయుటయే యగును. బీటవైపు గోడకు త్రిప్పి, నాలుగు పూలు పెట్టుకొని, నిశ్చింతగా నుండుడు.